కుగ్లరమ్మ కథ చెప్పుకుందాం రండి



ఈసారి సేవ గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాను. ఆ మాట ఎత్తగానే కొందరికి నీరసం వస్తుందని నాకు తెలుసు. "పొద్దున్నే పాలు కాచిన దగ్గర్నుంచి రాత్రి స్టవ్ తుడిచేదాకా చేస్తున్నది సేవ కాక మరేంటక్కా? ఇంకెక్కడ చెయ్యమంటావ్?" అని మా స్త్రీల కూడికలో ఒక చెల్లెలు అడిగేసింది. చాలామంది తలలూపారు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారెయ్యను. స్వార్థం విడిచిపెట్టండి, తగ్గించుకోండి, సర్దుకోండి అన్న మాటలు మన ఆడవాళ్ళ చెవిన పడినంతగా ఇంకెవరి చెవినా పడవు. విడిచిపెట్టడానికి ఇంకేం మిగిలిందని లోపల్లోపల అనుకునేవాళ్ళు ఎందరో.

దీనికి జవాబు వెతుకుతుంటే నాకు గుంటూరు కుగ్లరమ్మ గుర్తొచ్చింది. ముందు ఆవిడ కథ చెప్పుకుందాం.

గుంటూరు వాళ్ళకు కుగ్లర్ ఆసుపత్రి తెలియకపోవడం ఉండదు. అక్కడ పుట్టినవాళ్ళు, అక్కడ నర్సింగు నేర్చుకున్నవాళ్ళు మన చుట్టాల్లోనే ఎవరో ఒకరుంటారు. ఆ పేరు ఎవరిదని అడిగితే మాత్రం మన పిల్లలు తడుముకుంటారు. అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. ఆడపిల్ల డాక్టరీ చదవడమే వింతగా చూసే రోజుల్లో, 1879లో, అక్కడి మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకుంది. గుంటూరులో పనిచేస్తున్న ఒక మిషనరీ రాసిన ఉత్తరం ఆమెకు అందింది. ఇక్కడి ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకు రారు, కాన్పు అడ్డం తిరిగితే చూసే దిక్కు లేదు, వైద్యం తెలిసిన ఆడమనిషి కావాలి అన్నది దాని సారాంశం.

వస్తానని లూథరన్ సంఘ స్త్రీల మిషనుకు దరఖాస్తు పెట్టుకుంది. వాళ్ళు డాక్టరును పంపడానికి ఇంకా సిద్ధంగా లేమన్నారు. టీచరుగానైతే పంపుతామన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చదివింది డాక్టరీ. ఇస్తున్నది పంతులమ్మ ఉద్యోగం. మనమైతే ఏం చేసేవాళ్ళం? ఒకరు "నా చదువుకు విలువ లేని చోట నాకేం పని" అని మానుకుంటారు. ఇంకొకరు "దేవుడు నాకు బడి ఇచ్చాడు, ఇక డాక్టరీ మర్చిపోవాలి కాబోలు" అని తలవంచుకుంటారు. కుగ్లరమ్మ ఈ రెండూ చెయ్యలేదు. టీచరు అన్న పిలుపును ఒప్పుకుంది, పెట్టెలో మందులూ పనిముట్లూ సర్దుకుంది, ఓడెక్కింది. 1883 నవంబరు చివర్లో గుంటూరు చేరింది.

బడి పని బడి పనిగా చేస్తూనే పిలిచిన ఇంటికల్లా వెళ్ళేది. పరదా దాటి బయటికి రాని ముస్లిం ఆడవాళ్ళ దగ్గరికి, గడప దాటనివ్వని పెద్దకులాల ఇళ్ళకు, పల్లెల్లో పూరిళ్ళకు. ఆమె తాకితే మైల అనుకునే ఇళ్ళు కూడా ఉండేవి. అదే ఇళ్ళ నుంచి అర్ధరాత్రి కబురొస్తే ఆమె వెళ్ళింది. మొదటి ఏడాదే నాలుగు వందలమందికి పైగా వైద్యం చేసింది, చేతిలో ఆసుపత్రి లేకుండా, డాక్టరు అన్న హోదా లేకుండా. 1885 ఆఖరులో మిషను వాళ్ళు ఆమెను వైద్య మిషనరీగా ఒప్పుకున్నారు. సొంత ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో.

1883 నుంచి 1898 దాకా మధ్యలో ఉన్న ఆ పదిహేనేళ్ళే నాకు అన్నిటికంటే పెద్దవిగా కనిపిస్తాయి. ఆసుపత్రి కట్టాక ఆమెకు పేరొచ్చింది, అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఆ పేరూ పతకమూ రాకముందు పదిహేనేళ్ళపాటు డిస్పెన్సరీలోనూ, జనం ఇళ్ళలోనూ పనిచేసిన మనిషే నాకు గురువు. డబ్బు కోసం సొంత దేశానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. తెలుగు నేర్చుకుంది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

నాకు అర్థమైనంతవరకు ఆమె వదులుకున్నది హోదాను. దేవుడిచ్చిన వరాన్ని వదులుకోలేదు. మన సంఘాల్లో ఈ రెండింటినీ కలిపేశాం అక్కా. తగ్గించుకోవడం అంటే మనకు వచ్చిన పని కూడా రానట్టు నటించడం అని ఎవరు నేర్పారో గానీ, బాగా నేర్చేసుకున్నాం. లెక్కలు చక్కగా రాయగల చెల్లెలు కానుకల లెక్క దగ్గర కూర్చోదు, గర్వం అనుకుంటారని. నర్సుగా రిటైరైన అక్క ఇంటిపక్క పసిబిడ్డ జ్వరంతో మాడిపోతుంటే నోరు విప్పదు, పెద్దరికం చేస్తుందంటారని. ఇది వినయం అంటే నేనొప్పుకోను. ఆ బిడ్డకు నీ వినయంతో పని లేదు, నీకు తెలిసిన విషయంతో పని ఉంది.

గుంటూరులోనే ఇంకో డాక్టరమ్మ ఉంది. కతోలిక అక్కలకు బాగా తెలిసిన మేరీ గ్లోరీ. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టి, మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి, అక్కడే మంచి ప్రాక్టీసు పెట్టుకున్న మనిషి. ఇండియాలో ఆడవాళ్ళు వైద్యం అందక చనిపోతున్నారని ఒక చిన్న పుస్తకంలో చదివి కదిలిపోయింది. 1920 ఫిబ్రవరిలో గుంటూరు వచ్చి యేసు, మరియ, యోసేపుల పేరిట ఉన్న జె.ఎం.జె. సిస్టర్లలో చేరింది. చిక్కెక్కడంటే, ఆ రోజుల్లో మఠంలో చేరిన సిస్టర్లు డాక్టరు పని చెయ్యడానికి కతోలిక సభ నియమాలు ఒప్పుకునేవి కావు. కన్యస్త్రీ అవ్వాలా, డాక్టరుగా ఉండాలా? ఆమె రెండూ కావాలని అడిగింది. పోపు పదిహేనవ బెనెడిక్ట్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఆ నియమం లోకమంతటికీ సడలింది 1936లో. అప్పటికి ఆమె ఏళ్ళ తరబడి గుంటూరులో రోగులను చూస్తూనే ఉంది. సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి అలా పెరిగింది. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చే సంఘాన్ని కూడా ఆమే మొదలుపెట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు మన సికింద్రాబాదులోనే ఉంది. 1957లో బెంగళూరులో క్యాన్సర్‌తో చనిపోయేదాకా ఆమె పుట్టిన దేశం మళ్ళీ చూడలేదు.

ఒకరు లూథరన్, ఒకరు కతోలిక్. ఇద్దరూ తమ పనిని అడిగి తెచ్చుకున్నవాళ్ళే. తమ కోసం కాదు, తలుపు చాటున నొప్పులు పడుతున్న ఇంకో ఆడదాని కోసం అడిగారు. త్యాగం అంటే నోరు మూసుకోవడమని అనుకునే చెల్లెళ్ళకు నేను ఈ ఇద్దరినీ చూపిస్తాను.

"వాళ్ళు డాక్టర్లు, మనకేం వచ్చు" అంటారా? సరే, దొర్కా దగ్గరికి వెళదాం. అపొస్తలుల కార్యాల్లో యొప్పే పట్టణంలో ఉన్న ఆమె. ఆమె ప్రసంగం చేసినట్టు ఎక్కడా లేదు. ఆమె చనిపోయినప్పుడు పేతురు వచ్చి మేడగదిలోకి వెళితే విధవరాళ్ళందరూ ఏడుస్తూ చుట్టూ నిలబడ్డారు. ఏం చూపించారు ఆయనకు? ఆమె కుట్టిపెట్టిన అంగీలు, బట్టలు. ఒక్కసారి ఊహించండి, ఆ బట్టలు బీరువాలోంచి తీసి తెచ్చినవి కాకపోవచ్చు, వాళ్ళ ఒంటిమీదే ఉండి ఉంటాయి. కొంగు పట్టి, అంచు తిప్పి, ఇదిగో ఈ కుట్టు చూడండి, ఇది నాకోసం కుట్టింది అని చూపించి ఉంటారు. మొగుడు పోయిన ఆడదానికి ఒంటి కొలత తీసి, సరిపోయేట్టు బట్ట కుట్టి ఇవ్వడం అంటే ఏమిటో కుట్టుమిషను తొక్కేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాత బట్టల మూట తెచ్చి ఇవ్వడం వేరు, పక్కన కూర్చోబెట్టుకుని కొలత తీసుకోవడం వేరు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు రాస్తే కోప్పడుతుంది. ఆమె వారానికోసారి పెద్దాసుపత్రి ఆడవాళ్ళ వార్డుకు వెళుతుంది. సంచిలో రాగిజావ ఫ్లాస్కు, కొబ్బరినూనె సీసా, రెండు దువ్వెనలు, ఒక పాత తువ్వాలు. చాలారోజులుగా మంచానికి అంటుకుపోయిన మనిషి జుట్టు మీరు చూశారా? వెనక భాగమంతా ఒక ముద్దలా అట్టకట్టుకుపోతుంది. చెమట, దిండు రాపిడి, పేలు కూడా. చాలామంది కత్తిరించేస్తారు, అదే తేలిక కాబట్టి. ఈ అక్క కత్తెర పట్టుకోదు. తువ్వాలు భుజాల మీద వేస్తుంది. ముందు నూనె ఆ ముద్దలోకి వేళ్ళతో దింపుతుంది. కాసేపు వదిలేసి ఆ తల్లితో ఊరూ పేరూ, పిల్లలూ కబుర్లు. తర్వాత కింది కొసల దగ్గర మొదలుపెట్టి, కుదురు దగ్గర ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని (అలా పట్టుకుంటే మాడు లాగదు), వెడల్పు పళ్ళ దువ్వెనతో ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పైకి వెళుతుంది. ఒక్కో తలకి గంట పడుతుంది. చివర్లో రెండు జడలు వేసి ముందుకు వేస్తుంది, పడుకుంటే మళ్ళీ నలగకుండా. నేను తోడు వెళ్ళిన రోజు, ఆపరేషనై తల తిప్పలేని ఒక పెద్దావిడ జడ అయ్యాక "అద్దం ఉందా?" అని అడిగింది. జబ్బుపడ్డాక ఆ మాట అడగడం అదే మొదటిసారి అని కూతురు చెప్పింది.

ఆ అక్క వార్డులో ముందు బైబిలు తియ్యదు. కరపత్రాలు పంచదు. ఎవరైనా "అమ్మా, ప్రార్థన చెయ్యవా" అంటే చేస్తుంది. అడగకపోతే జడ వేసి వస్తుంది. ఈ విషయంలో నేను ఆమె పక్షమే. నా యేసు నాకు దాచుకోవాల్సిన పేరు కాదు, అడిగితే గుండె విప్పి చెబుతాను. కానీ జావ గిన్నె ఒక చేత్తో, సువార్త ఇంకో చేత్తో పట్టుకుని, ఇది తీసుకుంటే అది కూడా వినాలి అన్నట్టు నిలబడితే అది ప్రేమ ఎలా అవుతుంది? సమరయుడి కథ మనం చిన్నప్పటి నుంచి సండేస్కూల్లో విన్నాం. దెబ్బలు తిని దారిపక్కన పడి ఉన్నవాణ్ణి నీది ఏ మతం, ఏ ఊరు అని సమరయుడు అడిగాడా? నూనె, ద్రాక్షరసం పోసి గాయాలు కట్టాడు, తన పశువు మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో దింపి రెండు దేనారాలు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. నాకు ఆ చివరి మాట చాలా ఇష్టం. మళ్ళీ వస్తానన్నాడు. మనలో చాలామంది సేవ పండ్లు పంచి ఫోటో దిగిన రోజుతో అయిపోతుంది.

ఫోటోల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రొట్టె పొట్లం అందుకుంటున్న తల్లి ముఖం సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి అమ్మా. ఆమెకూ ఊరుంది, వియ్యపువారున్నారు, రేపు పెళ్ళి కావాల్సిన కూతురుంది.

కుగ్లరమ్మ ఆసుపత్రి గురించి ఇంకో సంగతి మిగిలిపోయింది. అక్కడి వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు ఒకాయన, ఆయన హిందువు, ఆ ఆసుపత్రి దగ్గర ఒక సత్రం కట్టించాడు. రోగులకు కాదు, రోగులతో వచ్చే బంధువుల కోసం. ఎంత చక్కగా గమనించాడో చూడండి! మంచం మీద పడుకున్నవాళ్ళను డాక్టర్లూ నర్సులూ చూసుకుంటారు. మంచం కింద చాప పరుచుకుని పడుకున్న తల్లిని, భార్యను ఎవరు చూస్తారు?

ఇప్పటికీ అంతే. ఏ జనరల్ ఆసుపత్రి వరండాకైనా వెళ్ళి చూడండి. రోగికి పళ్ళు తెచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. సగం ఆపిల్ పళ్ళు కుళ్ళిపోతాయి కూడా. పక్కనున్న మనిషికి కావాల్సింది వేరు. ఒక గంట ఎవరైనా మంచం దగ్గర కూర్చుంటే స్నానం చేసి రావాలి. ఫోను చార్జింగు పెట్టుకోవాలి. వేడినీళ్ళు కావాలి. స్కానింగు ఏ బిల్డింగులోనో తెలియాలి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద చేస్తారో లేదో ఆ కౌంటరు దగ్గరికి వెళ్ళి అడగాలి, ఆధార్, బియ్యం కార్డు జిరాక్సులు తియ్యాలి. చదువురాని తల్లికి ఆ కిటికీ దగ్గర క్యూలో నిలబడటం కంటే పెద్ద గుబులు లేదు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న చెల్లెళ్ళారా, ఒక ఫారం నింపిపెట్టడం మీకు పది నిమిషాల పని. ఆ తల్లికి అదే ఆ రోజంతా.

అలాగే రక్తం. మన సంఘాల్లో క్రీస్తు రక్తం గురించి పాడని ఆదివారం ఉండదు. కాన్పులో రక్తం పోయిన పిల్ల కోసం బ్లడ్ బ్యాంకు దగ్గర తండ్రి దిక్కులు చూస్తుంటే మాత్రం మనం ఇంకెవరైనా ఇస్తారులే అనుకుంటాం. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువు ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతురాలు ఎవరైనా ఇవ్వచ్చు. ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వచ్చు. వెళ్ళాక మీ హిమోగ్లోబిన్ తక్కువుందని వెనక్కి పంపితే చిన్నబుచ్చుకోకండి. మీకే మందు అవసరమని ముందుగా తెలిసింది, వెంటనే డాక్టరుకు చూపించుకోండి. అన్నట్టు, మగవాళ్ళు మూడు నెలలకోసారే ఇవ్వచ్చు. మీ ఆయననూ కొడుకునూ వెంటబెట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు మళ్ళీ ఆ చెల్లెలి ప్రశ్న. ఇంట్లో చేస్తున్నది సేవ కాదా? సేవే. అత్తగారి డైపర్ మార్చే చేతులను పరలోకం చూడదని నేను అనుకోను. కానీ ఒక మాట నిర్భయంగా చెప్పాలి. సిలువకు ముందు ఆ చివరి రాత్రి తువాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడిగింది ఎవరు? యేసే. ఆ గదిలో బోధకుడు, అందరికంటే పెద్దవాడు. కింద కూర్చోవాల్సింది పెద్దస్థానంలో ఉన్నవాడే అని ఆయన చేసి చూపించాడు. మనమేమో ఆ వాక్యభాగాన్ని ఎప్పుడూ ఇంటి కోడలికే చదివి వినిపిస్తున్నాం. ఇంట్లో అందరి కాళ్ళూ కడిగేది ఒక్క మనిషే అయితే అక్కడ కొరవడింది ఆమె త్యాగం కాదు, మిగిలినవాళ్ళ భక్తి. పాస్టరు గారూ, ఈ పేజీ మీరు చదువుతుంటే ఒక్క ఆదివారం యోహాను 13వ అధ్యాయం మగవాళ్ళ కూడికలో చెప్పండి. ఎంతో మేలు చేసినవారవుతారు.

చెల్లీ, నీకు కూడా ఒక మాట. ఒళ్ళు అలసి, కోపం గొంతుదాకా వచ్చి, పళ్ళు కొరుక్కుంటూ చేసే పనిని సిలువ అని పేరు పెట్టి మోయకు. ఇంట్లోవాళ్ళకు పని పంచు. వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ. ఎవరైనా అక్క "నేను ఓ పూట మీ అత్తగారి దగ్గర కూర్చుంటాను, నువ్వు పడుకో" అంటే "వద్దులే, ఎందుకు మీకు శ్రమ" అనకు. పేతురు కూడా మొదట అలాగే వద్దన్నాడు. యేసు ఒప్పుకోలేదు. కడిగించుకోవడం రానివాళ్ళు ఇంకొకరి పాదాలు ఎలా పట్టుకోవాలో కూడా నేర్చుకోలేరని నాకనిపిస్తుంది.

ఇల్లు కదలకుండా చెయ్యగల సేవ కూడా ఒకటుంది. పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. అన్నానికి ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడం, ఆదివారం గుడికి తేవడం. మిజోరంలో అక్కచెల్లెళ్ళు 1910 నుంచి ఈ పని మానకుండా చేస్తూ వచ్చారు. అక్కడి మిషను పనికి అదో పెద్ద ఆధారం. డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఇద్దరూ తీసేది పిడికెడే, పైగా రోజూ. మీ సంఘంలో ఆగిపోయి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి. ఆ బియ్యం ఎవరింటికి వెళ్ళాలో మాత్రం మగ పెద్దలు కాదు, వండే ఆడవాళ్ళు కూర్చుని తేల్చండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో మనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఇక మీ చేతిలో ఏ పని ఉందో నాకు ఉత్తరం రాయండి. కుట్టు వచ్చినవాళ్ళు, ఫారాలు నింపగలవాళ్ళు, జడలు వెయ్యగలవాళ్ళు, హిందీ, ఒడియా వచ్చినవాళ్ళు (ఇటుక బట్టీల్లో ఒడిశా, బీహారు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళ ఆడవాళ్ళు ఆసుపత్రికి వస్తే మాట్లాడేవాళ్ళు లేరు), స్కూటీ నడిపేవాళ్ళు. స్కూటీ నడిపేవాళ్ళు మరీ మరీ కావాలి. డయాలిసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్ళేవాళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నారు. నాలుగు గంటలు మిషను మీద ఉండి బయటికొచ్చాక కాళ్ళలో సత్తువ ఉండదు. బస్టాండు దాకా నడవలేక ఆటోకు ఇచ్చే డబ్బులు మందుల్లోంచి కోసుకుంటున్నారు. మీ పేట పేరు, మీకు వీలయ్యే రోజు రాయండి చాలు, మిగతాది మనం కూర్చుని చూసుకుందాం.